గైడు గారు వినని పాఠం

చదువంతా చదివి, డాక్టరేట్ పట్టా చేతికొచ్చాక కూడా ఒక మనిషికి కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగం దొరక్కపోతే, దాన్ని తలరాత అనడానికి మీకు నోరెలా వస్తుంది? ప్రశ్న గాలిలోకి విసరడం లేదు, మిమ్మల్నే అడుగుతున్నాను. కిందటి నెల దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గర ఒక ఫంక్షన్ హాలులో శేషగిరిరావు గారి సంతాప సభ జరిగింది. వృక్షశాస్త్రంలో పరిశోధన చేసి, డాక్టరయి, బతుకంతా కోచింగ్ సెంటర్లలో ఎంట్రన్స్ పాఠాలు చెప్పి, గొంతు పాడై, చివరికి గుండె ఆగి వెళ్లిపోయిన మనిషి ఆయన. మైకు పట్టుకున్నవాళ్లలో ఆయన దగ్గర చదువుకుని వైద్యులైనవాళ్లున్నారు, కలిసి పనిచేసినవాళ్లున్నారు, ఇద్దరు ప్రొఫెసర్లున్నారు. అందరూ ఆయన జ్ఞానాన్ని పొగిడారు. అందరూ చివరికి ఒకచోటికే వచ్చారు. ‘‘అంతటి మేధావికి ఒక డిగ్రీ కాలేజీలో పర్మనెంటు పోస్టు రాలేదంటే ఏమనుకోవాలండీ? నుదుట రాసి ఉండాలి’’ అన్నాడు ఒక ప్రొఫెసర్. హాలంతా తలలూపింది. నేను లేచి మైకు అడిగాను. ‘‘మేడం, భోజనాలు సల్లారిపోతున్నయి’’ అన్నాడు నిర్వాహకుడు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. శేషు సారు నుదుట ఎవరూ ఏమీ రాయలేదు. ఆయన విషయంలో జరగవలసిన ఒక చిన్న పని సమయానికి జరగలేదు. చేయవలసిన మనిషి చేయలేదు. అదేమిటో నాకు తెలుసు. ఆయన ఉద్యోగం తేలిన రోజు, ఆ గదిలో, బెంచీ మీద నేను కూర్చుని ఉన్నాను.

అప్పట్లో మేం గడ్డిఅన్నారంలో, పండ్ల మార్కెట్ వెనక సందులో ఉండేవాళ్లం. ఇప్పుడు ఆ మార్కెట్ బాటసింగారం తరలిపోయింది, సందులో ఈగలు కూడా తగ్గాయి. అప్పుడు మాత్రం మా ఇంటికి క్యాలెండరు అక్కర్లేదు, ఏ నెలో ముక్కే చెప్పేది. ఎండాకాలం మామిడి, దాంతోపాటు కాయల్ని మగ్గబెట్టే కార్బైడు ఘాటు, వెల్లుల్లి కుళ్లినట్టు. వానలు మొదలైతే తడిసిన వరిగడ్డి, లారీల కింద చితికిన బత్తాయిల పులుపు. చలి వెనకబడేసరికి ద్రాక్ష, కొత్త చెక్కపెట్టెల పొట్టు. నాయిన ఒక కమీషన్ ఏజెంటు దుకాణంలో గుమాస్తా. నల్లగొండ పక్క పల్లె నుంచి బత్తాయి లారీ ఎక్కి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన మనిషి. తెల్లారకముందే మార్కెట్‌కు పోయేవాడు. వేలంపాటలు ముగిశాక మధ్యాహ్నం ఇంటికి చేరి, తలంతా కడుక్కుని, బనీనుతోనే కూర్చుని పేపరును మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివేవాడు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇల్లు నడిపింది మా మేనత్త. నేను అత్తమ్మ అనేదాన్ని. ఆమె కాల్చే జొన్నరొట్టె, శనివారం వేసే సాంబ్రాణి, గోడ అవతలి పండ్లు, ఇవన్నీ కలిసిన గాలి మా ఇంటిది. ఇప్పటికీ ఎక్కడైనా బత్తాయి తొక్క కాలికింద నలిగితే, నాకు ముందు నాయిన గొంతు వినిపిస్తుంది, తరవాతే పండు గుర్తొస్తుంది.

నాయిన హేతువాది. గుళ్లోకి రాడు, కాళ్లు మొక్కనివ్వడు, మంచిరోజు చూడడు. కానీ ఇంట్లో దీపం పెట్టే తన అక్కను, మా అత్తమ్మను, ఒక్కమాట అనేవాడు కాదు. ఆయన పోరాటమంతా ఆదివారం సాయంత్రం జరిగే వాదనలో ఉండేది. దానికి నియమం ఒక్కటే: నువ్వు నమ్మినదానికి ఎదురుగా మాట్లాడాలి. దేవుణ్ణి నమ్మే అత్తమ్మ దేవుడు లేడని వాదించాలి, నమ్మని నాయిన ఉన్నాడని వాదించాలి. ‘‘ఎదుటోని మాట నీ నోట్ల పెట్టుకొని నములు. దాని రుచి తెలుస్తది. అటెన్క ఉమ్మేస్తవో మింగుతవో నీ ఇష్టం’’ అనేవాడు. ఆ వాదనల్లో అందరికంటే బాగా మాట్లాడింది అత్తమ్మే. ‘‘దేవుడే ఉంటే నా పెనిమిటి లారీ కింద పడ్డనాడు యాడ పండుకున్నడు? గా పొద్దు గూడ నేను ఉపాసమే ఉంటి’’ అని ఒకసారి అంది. మర్నాడు పొద్దున ఆమె మళ్లీ దీపం పెట్టింది. ఆయన పేపరు చదువుకున్నాడు. నేను ఇన్నేళ్లుగా రాస్తున్న వ్యాసాల వెనక ఉన్న బడి అదొక్కటే.

మా ఇంటి మీది రేకుల గదిలోకి శేషు సారు కిరాయికి దిగినప్పుడు నేను డిగ్రీలో చేరాను. ఆయనది గోదావరి జిల్లా. యూనివర్సిటీలో రీసెర్చ్ స్కాలరు. వచ్చినప్పుడు థీసిస్ రాస్తున్నాడు, మా ఇంట్లో ఉండగానే డాక్టరయ్యాడు. ఆ రోజు మిఠాయి పెట్టె పట్టుకుని దిగివస్తే అత్తమ్మ, ‘‘ఇగ సూదులేస్తవా సారూ?’’ అని అడిగింది. ‘‘మొక్కలకేస్తానండీ అత్తయ్యగారూ’’ అన్నాడాయన. తనకు కావలసిందేమిటో ఆయనకు ఖాయంగా తెలుసు. డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పే పర్మనెంటు కొలువు, ఆ కాలేజీలో ఒక మూల మైక్రోస్కోపు పెట్టుకోవడానికి బల్ల. అంతకు మించి ఆయన నోట నేను మరో కోరిక వినలేదు. రాత్రీ పగలూ దానికోసమే బతికాడంటే అతిశయోక్తి కాదు. ఇంకో దారి ఆయన వెతుక్కోలేదు, వెతుక్కోవాలని ఎవరూ చెప్పలేదు కూడా.

ఆయన నాకు పాఠాలు చెప్పింది మా వంటింటి షాబాదు బండల మీద. సుద్దముక్కతో బండ మీద గీసేవాడు. ఒకనాడు అత్తమ్మ కూరకు గుమ్మడి తీగ తరుగుతోంది. ఆయన ఒక ముక్క అడిగి తీసుకుని, బ్లేడుతో పల్చగా కోసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు. ‘‘చూడమ్మా. ఇది నీళ్లు పైకెక్కే దారి. దాని పక్కనే తిండి దిగే దారి. పక్కపక్కనే ఉంటాయి గానీ ఒకదానికొకటి అడ్డం రావు. మన బస్టాండులో వచ్చే బస్సూ పోయే బస్సూ ఉంటాయి చూశావూ, అలాగ.’’

అత్తమ్మ కత్తిపీట ఆపింది. ‘‘మన దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ల లెక్కనైతే గా తీగ ఎన్నడో సచ్చిపోతుండె సారూ. ఆడ అన్ని బస్సులు అడ్డమే ఉంటయి.’’

ఆయన పగలబడి నవ్వి, తన పోలికను తనే కొట్టేసి, ఇంకో పోలిక వెతికాడు. పాఠం చెప్పడం వచ్చిన మనిషి చేసే పని అది. విన్నవాళ్ల ముఖాల్లో ఏం జరుగుతోందో చూసి, తన మాట మార్చుకుంటాడు. మేం ఆయన చుట్టూ కూర్చునేవాళ్లం, ఎవరు ఎటువైపైనా. నేల మీది పాఠానికి ముందూ వెనకా ఉండవు. అందుకే ఆయనలో ఉన్న ఒక చిక్కు మాకెవరికీ తెలియలేదు.

ఆయన గైడు గారి గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. స్కాలర్లతో ఇంటి కూరగాయలు తెప్పించుకునే రకం కాదు, థీసిస్‌లో ప్రతి వాక్యం దిద్ది ఇచ్చేవాడు, పరిశోధన వ్యాసాల్లో తన పేరు వెనక పెట్టి శిష్యుడి పేరు ముందు పెట్టేవాడు. శేషు సారుకు ఆయన మీద ఉన్నది ప్రేమ. ఆ ప్రేమకు వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో ఒక రూపం ఉండేది. గైడు గారి గదిలో స్కాలర్లు కూర్చోరు. చేతులు కట్టుకుని నిలబడతారు. సెలవు తీసుకున్నాక తలుపుదాకా వెనక్కి నడుచుకుంటూ వెళతారు, ఆయనకు వీపు చూపించరు. ఇది మాకు ఎలా తెలిసిందంటే, ఒకసారి నాయిన దగ్గర కూడా అలాగే సెలవు తీసుకుని, వెనక్కి నడుస్తూ నడుస్తూ అత్తమ్మ నీళ్ల బిందెను తన్నేశాడు.

‘‘ఏంది సారూ, రైలింజన్ లెక్క రివర్సు పోతున్నవ్?’’ అంది అత్తమ్మ, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని.

‘‘క్షమించాలండీ, అలవాటు. పెద్దలకి వీపు చూపించకూడదు కదండీ. మా గైడు గారి దగ్గర అందరం అంతే.’’

‘‘ఈపు జూస్తే ఆయినకేమన్న జరమొస్తదా?’’ అన్నాడు నాయిన.

‘‘గౌరవమండీ.’’

‘‘గౌరవం మాటల ఉండాలె, పనిల ఉండాలె. ఈపుల ఏముంటది సారూ, సెమట తప్ప?’’

అందరం నవ్వుకున్నాం. శేషు సారు కూడా నవ్వాడు. బండల మీద నీళ్లు తుడిచాం. అంతటితో మరిచిపోయాం.

గైడు గారు మీటింగులకు వెళ్లినప్పుడల్లా ఎమ్మెస్సీ క్లాసులు శేషు సారే తీసుకునేవాడు. ‘‘నువ్వు వెళ్లిరావయ్యా’’ అంటే చాలు. అలా ఏళ్ల తరబడి ఆయన స్థానంలో పాఠం చెప్పాడు. ఎలా చెబుతున్నావని గైడు గారు అడగలేదు, ఎలా చెబుతున్నానని ఈయన అడగలేదు. గైడు గారు ఊళ్లో ఉంటే ఈయనకు క్లాసు లేదు, ఈయన క్లాసులో ఉంటే గైడు గారు ఊళ్లో లేరు. ఒక మనిషి పాఠం చెప్పి బతకబోతున్నాడు. అతనికి ఆ పని నేర్పవలసిన పెద్దమనిషి అతను ఆ పని చేస్తుండగా ఒక్కసారీ చూడలేదు. కుండలు చేసే ఇంట్లో, బట్టలు కుట్టే ఇంట్లో ఇలాంటిది జరగదు. విశ్వవిద్యాలయంలో జరిగింది.

నేను చదివే ఎయిడెడ్ కాలేజీలో వృక్షశాస్త్రానికి ఒక పర్మనెంటు పోస్టు పడింది. ఎల్బీనగర్ పోయే రోడ్డు మీదనే కాలేజీ, నడిచిపోయేంత దూరం. శేషు సారు దరఖాస్తు పెట్టాడు. అభ్యర్థులు నిజమైన క్లాసుకు డెమో పాఠం చెప్పాలి. ఆ క్లాసు మాది. కమిటీలో కాలేజీ సెక్రటరీ, ప్రిన్సిపాల్, యూనివర్సిటీ నుంచి సబ్జెక్ట్ నిపుణుడు. ఆ నిపుణుడు ఎవరో కాదు, గైడు గారే. ముందుగా తెలిసి శేషు సారు పొంగిపోయాడు. ‘‘ఆయన ఉన్నారంటే నాకు కొండంత ధైర్యం’’ అన్నాడు. ముందురోజు రాత్రి బట్టలు తనే ఇస్త్రీ చేసుకున్నాడు.

కమిటీ మా వెనక, చివరి బెంచీ వెనకాల కుర్చీల్లో కూర్చుంది. శేషు సారు లోపలికి వచ్చాడు. బోర్డు దగ్గరికి వెళ్లలేదు. బెంచీల మధ్య నుంచి నేరుగా వెనక్కి వెళ్లి, అందరూ చూస్తుండగా గైడు గారి కాళ్లకు నమస్కారం చేశాడు. సెక్రటరీ ప్రిన్సిపాల్ వైపు చూశాడు. గైడు గారి ముఖం కందిపోయింది. తన శిష్యుడని అందరికీ తెలిసిపోయింది, ఇక ఆయన ఏం చెప్పినా పక్షపాతమే అవుతుంది. ఆ క్షణంలోనే ఆయన బిగుసుకుపోయాడని ఇప్పుడు నాకు అర్థమవుతుంది.

పాఠం, ద్విదళ బీజపు మొక్క కాండం అడ్డుకోత. బోర్డు మీద పెద్ద వృత్తం గీసి, పొరలన్నీ లోపలికి ఒక్కొక్కటే చూపించాలి. బండల మీద ఆయన కళ్లు మూసుకుని గీసే బొమ్మ. బోర్డు మీద గీయాలంటే బోర్డు వైపు తిరగాలి. తిరిగితే గైడు గారికి వీపు. ఆయన తిరగలేదు. బోర్డుకు వీపు ఆనించి, మెడ ఒక పక్కకు తిప్పి, కుడి చేయి వెనక్కి మెలిపెట్టి గీశాడు. వృత్తం నొక్కిన బొప్పాయి పండులా వచ్చింది. దానిలో సగం ఆయన భుజం వెనకే ఉండిపోయింది. ‘‘సార్, ఇది బాహ్యచర్మం సార్. దీని లోపల వల్కలం సార్’’ అంటున్నాడు, మా తలల మీదుగా వెనక్కి చూస్తూ. నా పక్కన కూర్చున్న పిల్ల, ‘‘సారు ఎవలకు చెప్తున్నడే?’’ అని గుసగుసలాడింది. సుద్దముక్క విరిగింది. వంగి తీసుకోవడానికి కూడా ఆయన తిరగలేదు, మోకాళ్లు వంచి చేత్తో నేలంతా తడిమాడు. వెనక బెంచీల్లో నవ్వు మొదలైంది. ఆయన గొంతు ఇంకా తగ్గింది. మా ఇంట్లో, ముఖం చూసి పోలిక మార్చే మనిషి, ఆ పూట ఒక్క ముఖం కూడా చూడలేదు.

ఉద్యోగం రాలేదని ఆ సాయంత్రమే తెలిసిపోయింది. గైడు గారే కాలేజీ బయట ఆగి చెప్పారట: ‘‘సబ్జెక్టు నీకు కొట్టిన పిండే శేషగిరీ, నాకు తెలుసు. చెప్పడం రావట్లేదు. ఆ మాట నేను అనకపోతే మిగతావాళ్లు అంటారు.’’ శేషు సారు మా మెట్ల మీద కూర్చున్నాడు. అత్తమ్మ రొట్టె తెచ్చి పక్కన పెట్టింది, ముట్టుకోలేదు. ‘‘గిట్ల కూసుంటే ఎట్ల సారూ, జర తిను’’ అంది. ఆయన వినలేదు.

నేను అడిగేశాను. ‘‘సారూ, బొమ్మ మాకు ఎందుకు కనవడనియ్యలేదు?’’

‘‘అంటే?’’

‘‘బోర్డుకు అడ్డం నిలవడ్డరు. సగం బొమ్మ మీ ఎనకనే ఉన్నది.’’

‘‘నేనా? అడ్డం నిలబడ్డానా?’’ ఆయన నిజంగానే అడుగుతున్నాడు. తన ఒళ్లు ఏం చేసిందో ఆయనకు తెలియదు. ‘‘ఎలా నిలబడ్డాను? చూపించు.’’

నేను గోడకు ఆనుకుని, మెడ తిప్పి, చేయి వెనక్కి పెట్టి చూపించాను. అత్తమ్మ ఫక్కున నవ్వి, ఆయన ముఖం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో చనిపోయిన కబురు విన్నట్టు ఆయన నన్ను చూశాడు.

‘‘ఎమ్మెస్సీ క్లాసుల గూడ గిట్లనే చెప్తరా?’’ అని అడిగాడు నాయిన.

‘‘లేదండీ. అక్కడ మామూలుగా తిరిగే రాస్తాను. అక్కడ ఆయన ఉండరు కదా.’’ ఆగాడు. ‘‘ఆయన ముందు నేను పాఠం చెప్పడం ఇదే మొదటిసారండీ.’’

నాయిన పేపరు మడిచి పక్కన పెట్టాడు. ‘‘ఆయిన నీ పాఠం ఇనుడు ఇదే మొదటిసారి. గా మాట గట్ల చెప్పు’’ అన్నాడు.

మర్నాడు నాయిన నన్ను వెంటబెట్టుకుని గైడు గారింటికి బయలుదేరాడు. శేషు సారు వద్దని చేతులు పట్టుకున్నాడు. అత్తమ్మ, ‘‘పెద్దమనిషి ఇంటికి పోతున్నరు, బంగినపల్లి పండ్లు ఒక బుట్టెడు పట్కపోరాదు’’ అంది. ‘‘పండ్లు పట్కపోతే నా మాట మెత్తగైతది’’ అన్నాడు నాయిన. ఉత్త చేతులతోనే వెళ్లాం. గైడు గారిది దిల్‌సుఖ్‌నగర్ లోపలి కాలనీలో డాబా ఇల్లు. మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు.

‘‘నౌకరి అడగనీకి రాలేదు సార్. అది అయిపోయింది. ఒక్కటి తెలుసుకుందామని ఒచ్చిన. ఆయినకు పాఠం చెప్పుడు రాదన్నరు. చెప్పుడు ఎవలు నేర్పిచ్చిన్రు?’’

‘‘అది ఒకరు నేర్పితే వచ్చేది కాదండీ. పుట్టుకతో రావాలి. సరస్వతీ కటాక్షం అంటారే, అది.’’

‘‘మరి పరిశోధన?’’

‘‘అది నేను నేర్పాను.’’

‘‘అది మీరు నేర్పితె ఒచ్చింది, ఇది సరస్వతి నేర్పాలెనా? ఆమెకు సగం పని అప్పజెప్పిన్రన్నట్టు.’’

గైడు గారికి కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. నేను అప్పుడే అడిగాను. ‘‘సార్, మీరు ఆయన క్లాసుల ఎన్నడన్న కూసున్నరా?’’

ఆయన కాఫీ కప్పు కింద పెట్టారు. ‘‘నేను కూర్చుంటే అతనికి ఇబ్బందమ్మా. అనుమానిస్తున్నట్టు ఉంటుంది. స్వేచ్ఛ ఇచ్చి వదిలేశాను. అది నేనిచ్చిన గౌరవం.’’

‘‘ఆయిన మీకు ఈపు జూపకుంట గౌరవమిచ్చిండు. మీరు ఆయిన మొకం జూడకుంట గౌరవమిచ్చిన్రు. ఇద్దరి గౌరవం నడుమ నౌకరి పోయింది’’ అన్నాడు నాయిన. గొంతు పెంచలేదు.

గైడు గారు మాతోపాటే లేచి, ‘‘ఆదివారం వస్తాను. అతన్ని పాఠానికి సిద్ధంగా ఉండమనండి’’ అన్నారు.

నాయిన మా ముందు గది తలుపు లోపలివైపు నల్లరంగు పూశాడు. ఆదివారం గైడు గారు వచ్చారు. కుర్చీ వంటింటి గడప దగ్గర వేశాం. మేం కింద కూర్చున్నాం. శేషు సారు తలుపు ముందు నిలబడి, సుద్దముక్క పట్టుకుని, మళ్లీ అలాగే పక్కకు వాలాడు. తెలిసి కూడా ఒళ్లు మాట వినలేదు. ‘‘నీ ఈపేమన్న దేవునికి మొక్కినవా సారూ, ఎవలు చూడొద్దని?’’ అంది అత్తమ్మ. ఎవరూ నవ్వలేదు. ‘‘తిరుగు శేషగిరీ’’ అన్నారు గైడు గారు. చెమటలు పట్టాయి గానీ తిరగలేదు. అప్పుడు గైడు గారు కుర్చీలోంచి లేచి, పంచె సర్దుకుని, నా పక్కన బండల మీద కూర్చున్నారు. ‘‘నన్ను చూడకు. నేను లేను. ఈ అమ్మాయికి చెప్పు.’’

శేషు సారు తిరిగాడు. ఆయన వీపు మా అందరికీ కనిపించింది, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. తలుపు మీద వృత్తం నిండుగా వచ్చింది. పొర తరవాత పొర, నాళికాపుంజాలు, నడిమిన దవ్వ. తరవాత ఇటు తిరిగి నా ముఖం చూశాడు, అర్థమైందా లేదా అని. వంటింటి బండల మీద నాకు తెలిసిన మనిషి తిరిగి వచ్చాడు. పాఠం అయ్యాక గైడు గారు చెప్పింది కొంచెమే. ప్రశ్న అడిగి జవాబు కూడా నువ్వే చెప్పేస్తున్నావు, ఆగు. వాక్యం చివర గొంతు పడిపోతోంది, ఎత్తు. బొమ్మకు పేర్లు పెట్టేముందు పక్కకు జరుగు. ఇది చెప్పడానికి కాఫీ తాగేంతసేపు పట్టింది. ఏళ్లు ఆగిన మాటలు అవి. వెళ్లేముందు వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, ఆయన నాయినతో మెల్లగా అన్నారు: ‘‘నా క్లాసులోనూ ఎవరూ కూర్చోలేదండీ. మా గైడు గారు రాలేదని నేను గర్వపడ్డాను కూడా. నేనెలా చెబుతానో నాకూ తెలియదు.’’

మీరు ఇక్కడ ఒక మంచి ముగింపు కోసం ఎదురుచూస్తుంటారు. అది జరగలేదు. శేషు సారుకు మళ్లీ డెమో చెప్పే అవకాశమే రాలేదు. ఎయిడెడ్ కాలేజీల్లో పోస్టులు నింపడం ఆగిపోయింది. ప్రభుత్వ పోస్టులు పడేనాటికి ఆయన వయసు దాటిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి లేస్తున్న రోజులవి. అక్కడ చేరాడు. కిక్కిరిసిన హాళ్లలో మైకు పెట్టుకుని చెప్పాడు. పిల్లలు ఆయన్ని ప్రేమించారు. కానీ అక్కడ గుమ్మడి తీగ కోసి చూపించే సమయం లేదు, మైక్రోస్కోపుకు బల్ల లేదు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎలా ఏరుకోవాలో చెప్పాలి. ఒకసారి నాతో, ‘‘నేను ఇప్పుడు మొక్కల గురించి చెప్పట్లేదమ్మా, మొక్కల మీద వచ్చే ప్రశ్నల గురించి చెబుతున్నాను’’ అన్నాడు. అంతకు మించి ఫిర్యాదు చేయలేదు. నేను పార్ట్‌టైం లెక్చరరుగా చేరిన మొదట్లో, తన క్లాసుల మధ్య దొరికిన ఖాళీలో వచ్చి నా చివరి బెంచీలో కూర్చున్నాడు. ‘‘ముందు వరసతోనే మాట్లాడుతున్నావు. వెనకవాళ్లు నీ క్లాసులో లేరు’’ అన్నాడు. నాకు కోపం వచ్చింది. వారంపాటు మాట్లాడలేదు. తరవాత దిద్దుకున్నాను. ప్రభుత్వ కాలేజీ ఇంటర్వ్యూలో నెగ్గాను, పదవీ విరమణ దాకా పాఠం చెప్పాను. నాకంటే ఆయనకు వందరెట్లు ఎక్కువ వచ్చు. నన్ను ముందుగా ఒకరు చూశారు, ఆయన్ని చూడలేదు. తేడా అంతే. దీన్ని నుదుటి మీద వెతకకండి.

ఇప్పుడు మారిందా అంటారేమో. ఈమధ్య ఎల్బీనగర్‌లో ఒక కాలేజీవాళ్లు రీసెర్చ్ స్కాలర్లకు ఉద్యోగాల మీద సదస్సు పెట్టి నన్ను పిలిచారు. ఏ పత్రికలో వ్యాసం వేస్తే ఎన్ని మార్కులో ఒకరు చెప్పారు, బయోడేటా ఎలా అలంకరించాలో ఇంకొకరు చెప్పారు. నా వంతు వచ్చినప్పుడు, మీ గైడు ఎప్పుడైనా మీ క్లాసులో కూర్చున్నారా అని అడిగాను. అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. అల్మాస్‌గూడ నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచింది. ఆమె ఒక ప్రైవేటు కాలేజీలో పార్ట్‌టైం చెబుతూ పరిశోధన చేస్తోంది.

‘‘మా సారు నా స్లైడ్లల్ల స్పెల్లింగులు చూస్తరు మేడం. నన్ను చూడరు.’’

‘‘మీరే రమ్మని అడగొచ్చు కదా?’’

‘‘వామ్మో, సార్‌ను ఒచ్చి నా క్లాసుల కూసోమని అడుగుతమా మేడం? ఏమన్న ఉన్నదా ఇగ!’’

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. మా ఇంట్లో బిందె పడిపోయినప్పుడు మేం నవ్విన నవ్వు అదే. అప్పటి బోర్డు పోయి తెర వచ్చింది, సుద్దముక్క పోయి రిమోట్ వచ్చింది. పర్మనెంటు పోస్టులు అప్పటికంటే అరుదయ్యాయి, కాంట్రాక్టు, గెస్టు అన్న పేర్లు వచ్చాయి. పోస్టు అరుదైనకొద్దీ ఒక్క డెమో విలువ పెరిగింది. ఆ ఒక్కదానికి మనిషిని సిద్ధం చేసే పని మాత్రం ఇప్పటికీ ఎవరిదీ కాదు. తీరిక లేదంటారు గైడ్లు. వైవా రోజు శాలువా కప్పించుకోవడానికి తీరిక ఉంది, విందుకు ఉంది, ఫొటోకు ఉంది. శిష్యుడు పోయాక మైకు ముందు విధిని తిట్టడానికి కూడా ఉంది.

కాబట్టి గైడ్లారా, సంతాప సభల్లో మాట్లాడటం తరవాత. రేపు మీ స్కాలరు క్లాసు ఎన్నింటికో కనుక్కోండి. వెళ్లండి. చివరి బెంచీలో, పిల్లల మధ్య, గంట కొట్టేదాకా నోరు మెదపకుండా కూర్చోండి. బయటికొచ్చాక, ఇద్దరే ఉన్నప్పుడు, చూసింది చూసినట్టు చెప్పండి. స్కాలర్లారా, ఆయన రాకపోతే మీరు గదిలోకి వెళ్లి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని రమ్మని అడగండి. కాదంటే మళ్లీ అడగండి. ఉద్యోగం తేలే రోజున కాదు, ఈ వారమే.